వలయం తిరిగే వైపు

గ్లెనిస్ పర్టెల్‌కి అరవై మూడేళ్ళు. అందులో ముప్పై ఒక్క ఏళ్ళు కొండ కింద ఊళ్ళో ఆసుపత్రి బట్టల గదిలో గడిచాయి. రోగుల కింద తడిసిన దుప్పట్లు, ఆపరేషన్ గుడ్డలు, డాక్టర్ల కోట్లు అన్నీ ఆమె చేతుల మీదుగా వెళ్ళినవే. వేడి నీళ్ళకీ సబ్బుకీ చేతులు ఉప్పులో ఊరిన తోలులా అయిపోయాయి. ఆ గదిని బయటి కంపెనీకి అప్పజెప్పాలని చూసినప్పుడు పదకొండు రోజులు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. గది నిలబడింది, ఆమె మోకాళ్ళు మాత్రం నిలబడలేదు. ఇలాంటి మనిషి గురించి పేపర్లో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. అందులోనూ ఆమె గొప్పతనం కాదు, ఒక వారాంతం ఆమె పడిన ఈర్ష్య గురించి.

మేము పేగన్లం. మాకు గుడీ లేదు, గ్రంథమూ లేదు. ఎండకి, నేలకి, మనిషి ఒంటికి మొక్కుకుంటాం. ఏటా జూన్ చివర్లో, భూగోళానికి దక్షిణాన ఉన్న మాకు అది నడి చలికాలం, పగలు బాగా కురచైపోయే రోజులు చూసి, ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీలు ఉండే రేకుల షెడ్లలో రెండున్నర రోజులు కలిసి ఉంటాం. దైవం గురించీ కోరిక గురించీ ఒకచోట మాట్లాడుకోవడానికి ఆ వారాంతం. నలభై మందిమి వస్తాం. ఎక్కువమందిమి యాభై దాటినవాళ్ళమే. ఒంటి మీద గుడ్డల్లేని కుర్ర దేవతలని ఊహించుకున్నవాళ్ళెవరైనా వస్తే మా ఉన్ని మేజోళ్ళు చూసి నిరాశపడతారు.

గ్లెనిస్ మొదటిసారి తన ముప్పై నాలుగో ఏట వచ్చింది. చిన్నప్పుడు సిస్టర్ల బడిలో ఒళ్ళంటే పాపమని నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఆ ఒళ్ళు తనది కాదని మొగుడు నేర్పాడు. వద్దు అంటే ఆగే మనిషిని మొదటిసారి ఇక్కడే చూశానని, ఆ రోజు స్నానాల గదిలో కూర్చుని ఏడ్చానని నాకు చెప్పింది. అందుకే ఈ గుంపంటే ఆమెకి ప్రాణం.

గుంపు కూడా ఆమెకి ఒక పెద్ద విషయంలో రుణపడి ఉంది. మొదట్లో మేమంతా ఇంగ్లండ్ నుంచి వచ్చిన పుస్తకాలు పట్టుకుని పూజలు చేసేవాళ్ళం. పూజకి ముందు ఒకరు నేల మీద వలయం గీస్తూ ప్రదక్షిణ చేయాలి. గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి, అదే సూర్యుడి దారి అని ఆ పుస్తకాల్లో ఉంది. మేమూ అలాగే తిరిగాం. బట్టల గదిలో అప్పట్లో ఆరబెట్టే యంత్రాలు రెండే. ఎండ కాసిన రోజు దుప్పట్లన్నీ వెనక పెరట్లో తీగల మీదే. ఒక శీతాకాలం గ్లెనిస్ చెయ్యెత్తి, ఈ పుస్తకం రాసినాయన జన్మలో బట్టలు ఆరేసినట్టు లేదు అంది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. మన దగ్గర పొద్దు తూర్పున లేచి, ఉత్తరం మీదుగా పడమటికి దిగుతుంది. ఉత్తరానికి తిరిగి నిలబడితే కుడి నుంచి ఎడమకి పోతుంది. నా దుప్పట్లు రోజూ ఆ వరసలోనే ఆరతాయి. మనం మాత్రం పొద్దుకి ఎదురు నడుస్తూ పొద్దుని పిలుస్తున్నాం, అంది.

మర్నాడు పొలంలో కర్ర పాతి నీడ చూశాం. ఆమె చెప్పిందే నిజం. ఆ రోజు నుంచి మా వలయం గడియారానికి ఎదురు తిరుగుతోంది. గొప్ప విషయం కనిపెట్టావే అని ఎవరో మెచ్చుకుంటే, ఈ నేల ఆదివాసులకి వేల ఏళ్ళుగా తెలిసిందే, మనమే ఓడ దిగి కళ్ళు అక్కడే మరిచిపోయాం అని కొట్టిపారేసింది. కానీ ఆ రోజు సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. చదువులేని పిల్ల అనిపించుకున్న మనిషి, నలభై మంది చదువుకున్నవాళ్ళ అడుగులు వెనక్కి తిప్పింది. అది ఆమె సొంత ఆస్తి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పొద్దుకి ఎదురు, అంటే ఇక్కడ గడియారం ముల్లు వైపు, తిరగడం కూడా మా దగ్గర ఉంది. కానీ అది విప్పడానికి. జబ్బు వదిలించుకోవాలన్నా, బంధం తెంచుకోవాలన్నా అలా తిరుగుతారు. కట్టే పనికి ఎదురు వలయం పనికిరాదు.

డెస్ ఓక్లీ ఆమె తోడు. కరెంటు పని చేసి రిటైరయ్యాడు. తెల్ల గడ్డం, మంచి గొంతు. మా గుంపు పత్రిక అతనే రాస్తాడు. మాలో పెళ్ళి బదులు చేతిముడి ఉంటుంది. ఇద్దరి చేతులూ కలిపి తాడు కడతారు, గడువు ఏడాదీ ఒక రోజు. గడువు తీరాక మళ్ళీ వచ్చి, అదే తాడుకి ఇంకో ముడి వేయించుకోవాలి, లేదంటే ఆఖరి ముడి విప్పేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోవాలి. గ్లెనిస్, డెస్‌ల తాడుకి పదమూడు ముడులున్నాయి. పద్నాలుగోది నిరుడు జూన్‌లో, ఆదివారం పొద్దున పడాలి.

ఆ వారాంతానికి డెస్ ఇంగ్లండ్ నుంచి ఒకామెని పిలిపించాడు. పేరు టామ్సిన్. నలభై అయిదేళ్ళుంటాయి. సోమర్సెట్‌లో ఇలాంటి సభలు నడుపుతుంది. ఏడాదిగా ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నారని మాకు తెలుసు. రాసుకోవడం తప్పు కాదు. మా దగ్గర ఒకరికి ఇద్దరు ప్రియులు ఉన్నా తప్పు కాదు, అందరికీ తెలిసి, అందరికీ సమ్మతమైతే.

శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర గ్లెనిస్ గుమ్మడికాయ సూపు వడ్డిస్తోంది. టామ్సిన్ గిన్నె పట్టుకుని, నీ ఉత్తరాల్లో ఆ దుప్పట్ల కథ చదివి ఏడ్చేశాను డెస్ అంది. మగవాడు పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ పొద్దు దారి కనిపెట్టడం, ఒక గుంపు అడుగులు మార్చడం, ఎంత అందంగా రాశావు అంది.

డెస్ సూపులోకి చూశాడు. బాగా రాసిన వాక్యం ఎదురుగా కూర్చుని మెచ్చుకుంటుంటే, అది నాది కాదు అనడం అతని వల్ల కాలేదు. గ్లెనిస్ గరిటె గిన్నెలో వదిలేసి వంటింట్లోకి పోయింది. నేను ఆమె వెనకే వెళ్ళాను. కానీ టామ్సిన్‌కి నిజం చెప్పలేదు. నేనే కాదు, ఆ బల్ల దగ్గరున్న ఇరవై ఏళ్ళ పాత కాపులెవరూ చెప్పలేదు. అతిథిని ఇబ్బంది పెట్టడమెందుకు అనుకున్నాం. ఇంటి మనిషిని ఇబ్బంది పెట్టడం మాత్రం మనకి అలవాటే కదా.

"వాడు ఈ పదమూడేళ్ళలో దిండు గలీబు ఒక్కటి ఆరెయ్యలేదే," అంది గ్లెనిస్ గిన్నెలు తోముతూ. "ఉత్తరంలో మాత్రం దుప్పట్లు ఆరేశాడంట."

శనివారం పొద్దున టామ్సిన్ తరగతి. అడగడం, ఒప్పుకోవడం గురించి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు ఏదో ఒకటి అడగాలి, నీ చెయ్యి పట్టుకోనా, జుట్టు సవరించనా అని. రెండోవాళ్ళు అవునో కాదో చెప్పాలి. కాదంటే, నిన్ను నువ్వు చూసుకున్నందుకు థాంక్స్ అనాలి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది గానీ, అరవై ఏళ్ళొచ్చి జీవితంలో మొదటిసారి కాదు అన్న ఆడవాళ్ళని నేను ఆ గదిలో చూశాను. దాన్ని వెక్కిరించేవాళ్ళతో నాకు మాటల్లేవు.

గ్లెనిస్ మధ్యాహ్నం వంటకి ఉల్లిపాయలు తరుగుతూ వడ్డన కిటికీలోంచి చూస్తోంది. జతలు మారుతూ మారుతూ డెస్ టామ్సిన్ ఎదురుకి వచ్చాడు. నీ భుజం మీద తల పెట్టుకోనా అని అడిగాడు. ఆమె అవునంది. డెస్ పొడుగు మనిషి, కాస్త వంగాల్సి వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. అంతే, ఇంకేమీ లేదు. గ్లెనిస్ అయిదు ఉల్లిపాయలు తరగాల్సిన చోట పన్నెండు తరిగేసింది.

ఆమెకి మండింది ఆ తల భుజం మీద పడినందుకు కాదట. అడిగినందుకట. నన్ను వాడు అడగడం మానేసి ఎన్నేళ్ళయిందో అంది. మంచం మీద అలవాటుగా చెయ్యి వేస్తాడు, నేనూ అలవాటుగా ఊరుకుంటాను. ఆవిణ్ణి చూడు, ఎంత కొత్తగా అడిగాడో, మాట తడబడింది కూడా.

వెళ్ళి అతనితో చెప్పు అన్నాను.

"ఏమని చెప్పమంటావ్? ఈర్ష్యగా ఉందనా? ఇక్కడా?"

ఆమె అడిగిందాంట్లో నిజముంది. కోరికని దేవత అంటాం మేము. సిగ్గు వదిలెయ్యమని, కోపమైతే కోపమని చెప్పమని తరగతులు పెడతాం. ఈర్ష్య అన్న మాట ఎవరైనా ఎత్తితే మాత్రం అది ఎదగనివాళ్ళకి వచ్చే జబ్బన్నట్టు చూస్తాం. పాపం అని సిస్టర్ల బడి ఒక జాబితా ఇస్తే, దాన్ని చింపేసి, ఒకే ఒక్క పేరున్న కొత్త జాబితా రాసుకున్నాం. గ్లెనిస్ దాదాపు ముప్పై ఏళ్ళు ఈ గుంపులో ఉండి, పెద్దమనిషి అనిపించుకుని, ఆ ఒక్క పేరు తన మీద పడుతుందని భయపడింది.

శనివారం మధ్యాహ్నం వలయం గీయాలి. ఒకసారి గీస్తే ఆదివారం మధ్యాహ్నం మూసేదాకా అదే వలయం. అందులో చేసిన ప్రతి పనీ అది తిరిగిన తీరునే నిలుస్తుంది, లేదా విడిపోతుంది. మా పద్ధతి ఏమిటంటే, గీసేటప్పుడు అందరూ కళ్ళు మూసుకోవాలి. ఒక్క ద్వారపాలకురాలు మాత్రం పొడుగాటి చీపురు పట్టుకుని తలుపు దగ్గర కళ్ళు తెరుచుకుని ఉంటుంది. ఏదైనా తేడా వస్తే చీపురు కర్రతో నేల మీద మూడుసార్లు కొట్టాలి. ఆ పని పదహారేళ్ళుగా గ్లెనిస్‌ది.

గీసే గౌరవం అతిథికి ఇచ్చారు. మేమంతా కళ్ళు మూసుకున్నాం. టామ్సిన్ తూర్పున మొదలుపెట్టి, గొంతెత్తి ఏదో పాడుతూ, గడియారం ముల్లు వైపు తిరిగింది. పాతికేళ్ళుగా సోమర్సెట్‌లో తిరిగినట్టే తిరిగింది. ఆమె బుర్రకి ఇక్కడి దారి తెలుసు, ఉత్తరాల్లో చదివింది, చదివి ఏడ్చింది కూడా. కాళ్ళకి తెలియదు.

గ్లెనిస్ చూసింది. చీపురు చేతిలోనే ఉంది. మొదటి మూడు అడుగుల్లోనే కొట్టి ఉంటే సరిపోయేది. కొట్టలేదు.

ఆ క్షణం గురించి ఆమె నాతో దాచకుండా చెప్పింది. హాయిగా ఉండిందే అంది. వేడి నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నట్టు. నా దుప్పట్ల కథ విని ఏడ్చినావిడ, నా కళ్ళ ముందే నా వలయాన్ని తలకిందులు చేస్తోంది, దాని పక్కన వీడు కళ్ళు మూసుకుని పరవశించిపోతున్నాడు. తిరగనీ అనుకున్నాను. మొత్తం తిరగనీ.

సాయంత్రానికి ఆ హాయి పోయింది. ఆదివారం ఈ వలయంలోనే చేతిముళ్ళు పడతాయని అప్పుడు గుర్తొచ్చింది. తనదీ డెస్‌దీ ఎలా పోయినా ఫర్వాలేదనుకోడానికి ఆమెకి ఆ కోపంలో పెద్ద కష్టమేమీ కాలేదు. కానీ ఆ ఏడు మొదటి ముడి వేయించుకోడానికి ఇంకో జంట వచ్చింది. లోర్నా, థుయ్. ఇద్దరూ ఆడవాళ్ళే, ఆసుపత్రిలో నర్సులు, యాభై దాటినవాళ్ళు. పంతొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, వార్డులో మాత్రం అద్దె పంచుకుంటున్నామని చెప్పుకునేవాళ్ళు. వాళ్ళని ఇక్కడికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది గ్లెనిసే. థుయ్ తన తాడుని ఎర్ర పట్టుతో తనే పేనుకుని తెచ్చుకుంది. కట్టడానికి వచ్చినవాళ్ళని, విప్పే వలయంలో నిలబెడుతున్నాం.

చెప్పాలంటే ఎందుకు ఆలస్యంగా చెప్తున్నావు అని అడుగుతారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండూ ఆమె నాతో వంటింట్లో బేరీజు వేసింది. ఇదంతా మన ఊహేలే, ఏ వైపు తిరిగితే ఏముంది అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. ఊహే అయితే ముప్పై ఏళ్ళుగా ఎందుకు తిరుగుతున్నావు అంది.

ఆదివారం పొద్దున గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. షెడ్డులో కట్టెల పొయ్యి రాజేశాం. ముళ్ళు వేసేది కోరల్, మాలో అందరికన్నా పెద్దది, డెబ్భై ఎనిమిదేళ్ళు. లోర్నా, థుయ్ నడుమకి వచ్చి చేతులు చాచారు. కోరల్ ఎర్ర తాడు ఎత్తింది.

అప్పుడు తలుపు దగ్గర చీపురు కర్ర మూడుసార్లు నేల మీద మోగింది.

"ఆగు కోరల్," అంది గ్లెనిస్. "వలయం పొద్దుకి ఎదురు తిరిగి ఉంది. నిన్న గీసేటప్పుడే చూశాను. చూసి ఊరుకున్నాను."

టామ్సిన్ తన అడుగులు గుర్తు తెచ్చుకుంటూ వేలితో గాల్లో తిప్పి చూసుకుంది. నిజమే, నా కాళ్ళు అలవాటు కొద్దీ పోయాయి అని ఒప్పుకుంది. అంతా ఆమెకి సర్దిచెప్పబోయారు. కోరల్ మాత్రం గ్లెనిస్ వైపే చూసింది.

"ఎందుకు ఊరుకున్నావమ్మా?"

"ఈర్ష్య," అంది గ్లెనిస్. "ఇంకో పేరేమీ లేదు దానికి. ఈవిడ తప్పు చేస్తుంటే నాకు బాగుంది. లోర్నా, థుయ్, మీకు క్షమాపణ చెప్పుకోవాలి. మిమ్మల్ని తీసుకొచ్చి మీ ముడితో ఆడుకున్నాను."

ఎవరో వెనక నుంచి, ఆ భావనని మనమంతా ప్రేమతో స్వీకరిద్దాం అని మెత్తగా మొదలుపెట్టారు. స్వీకరించక్కర్లేదు నాయనా, విన్నారు చాలు అంది గ్లెనిస్. లోర్నా ఫక్కున నవ్వింది. పంతొమ్మిదేళ్ళు ఆగాం, పది నిమిషాలు ఆగలేమా, ఆ చీపురు పక్కన పెట్టి గీయి అంది.

పాత వలయం చెరిపేశారు. కొత్తది గ్లెనిసే గీసింది. ద్వారం దగ్గర నేను నిలబడ్డాను. తూర్పు నుంచి ఉత్తరానికి, ఉత్తరం నుంచి పడమటికి, మోకాలు పట్టుకుని కుంటుతూ. ఆమెకి పాట రాదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగింది. ఎర్ర తాడు ముడి పడింది, థుయ్ గట్టిగా ఏడ్చింది, మేమూ ఏడ్చాం.

తర్వాత గ్లెనిస్, డెస్‌ల వంతు. డెస్ పాత తాడు పట్టుకుని వచ్చాడు. కోరల్ అడగకముందే అతనే అందరికీ వినపడేలా చెప్పాడు, దుప్పట్లు ఆరేసింది నేను కాదు, గ్లెనిస్ అని. రాసేటప్పుడు నేను అని రాస్తే బాగుందని అలా రాశానన్నాడు. టామ్సిన్ అతన్ని చూసింది. ఆ చూపులో నిన్న భుజం ఇచ్చినప్పటి మెత్తదనం లేదు. అది గమనించింది నేనొక్కదాన్నే కాదని నాకు తెలుసు.

జనం ఊపిరి వదిలారు. నిజం బయటపడింది, ఇక ముడి పడితే మధ్యాహ్నం భోజనానికి వెళ్ళొచ్చు అన్నట్టు మొహాలు పెట్టారు. తప్పు ఒప్పుకున్న మగవాడికి మనం ఎంత తొందరగా చప్పట్లు కొడతామో నేను చాలాచోట్ల చూశాను. మా షెడ్డు అందుకు మినహాయింపేమీ కాదు.

గ్లెనిస్ అతన్ని ఒకటే అడిగింది. "ఆ ఉత్తరాలన్నిట్లో నా పేరు ఎక్కడైనా ఉందా?"

డెస్ అబద్ధం చెప్పలేదు. "లేదు," అన్నాడు.

"నువ్వంటే నాకు ఇష్టం లేకపోతే ఈ రెండు రోజులూ నాకింత మంట ఉండేది కాదు," అంది ఆమె. "ఆ ఇష్టం ఉంది. అది చూపించి నన్ను మళ్ళీ కట్టెయ్యకు. ఆ తాడు ఇటివ్వు."

పదమూడో ముడి ఏడాదిగా బిగుసుకుపోయి ఉంది. గోళ్ళతో లాగింది, రాలేదు. కోరల్ చిన్న చాకు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. పంటితో పట్టి లాగింది. డెస్ మొదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తనవైపు కొస పట్టుకుని, ఆమెకి ఊతంగా ఉండేలా మెల్లగా వదులుచేస్తూ నిలబడ్డాడు. ముడి విడిపోయాక తాడులో ఆ చోట వంకర అలాగే ఉండిపోయింది. ఆమె తాడు అతని చేతిలో పెట్టి మళ్ళీ చీపురు దగ్గరికి వచ్చేసింది. వలయం మూయాలి కదా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గ్లెనిస్ నాకెదురుగా కూర్చుంది. ఉడికిన బంగాళాదుంప తొక్క తీస్తోంది. సాయంత్రం లోర్నావాళ్ళ కారులో వెళ్ళిపోతానని, గదిలో తన సామాను డెస్ పెట్టెలోంచి వేరుచెయ్యాలని చెప్పింది. మొహం తేటగానే ఉంది. ఇక ఒడ్డున పడిందనుకున్నాను నేను.

నా వెనక, అటు చివర బల్ల దగ్గర డెస్ ఒంటరిగా తింటున్నాడు. కాసేపటికి టామ్సిన్ ప్లేటు పట్టుకుని వెళ్ళి అతనికి ఎదురుగా కూర్చోవడం తల కాస్త తిప్పితే కనిపించింది. గ్లెనిస్ తల ఎత్తలేదు. తొక్క తీయడమూ ఆపలేదు.

"ఏం మాట్లాడుకుంటున్నారు?" అంది.

ఇక్కణ్ణుంచి వినపడదు అన్నాను.

"నువ్వు కాస్త పక్కకి జరుగు," అంది. "నీ తల అడ్డమొస్తోంది."